నాగవ్వ పై దవడ

ఎల్లారెడ్డి
ఫిబ్రవరి నెలాఖరు

వనజక్కా,

ఈ కవరు తెచ్చిన ముసలామె పేరు నాగవ్వ. ఎక్స్‌రేతో పాటు ఈ ఉత్తరం కూడా అందులోనే పెట్టాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీకు ఫోన్ చేస్తే అవతల నీ డ్రిల్లు చప్పుడు, ఇవతల నా గోడు, ఇద్దరికీ ఏమీ వినపడదు. పైగా క్లినిక్ మూశాక ఎవరి గొంతూ వినాలనిపించడం లేదని మొన్న నువ్వే అన్నావు. అందుకే రాస్తున్నాను, తీరినప్పుడు చదువుకో.

నాగవ్వ మా క్లినిక్ వెనక గల్లీలో ఉంటుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ బీడీలు చుడుతోంది. పై పళ్లు ఒక్కటీ లేవు. ఎక్కడో కట్టించిన సెట్టు ఒకటుంది, నోరు బాగా తెరిస్తే జారి పడుతుంది. తినడానికి పెద్ద బాధ లేదు, పప్పన్నం చిగుళ్లతోనే నమిలేస్తుంది. బాధంతా పాటది. ఈ వాడలో బతుకమ్మ పాట ఎత్తేది ఆమే. ఆమె ఒక వరస అంటే మిగతా ఆడవాళ్లు అందుకోవాలి. కొన్నేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు, పాట మధ్యలో ఆ సెట్టు ఊడి వెళ్లి పూల మీద పడింది. పిల్లలు నవ్వారు, పెద్దవాళ్లు కూడా ఆపుకోలేకపోయారు. అప్పటి నుంచి ఆమె వెనక వరసలో చప్పట్లు కొడుతుంది. పాట పక్క గల్లీ భూదవ్వ ఎత్తుతుంది.

"భూదవ్వ గొంతు రేకు గీకినట్టుంటది సారూ. గా పాటకు నేను చప్పట్లు గొట్టాలె. ఈ యేడు నేనే ఎత్తుత. పండ్లు ఊడకుండ బిగించుండ్రి" అని నా ప్రాణం తీస్తోంది.

నాకు ఇంప్లాంట్లు రావు. వచ్చినా ఆ దవడ చూస్తే చేయి ఆడదు, ఎముక అంత మెత్తగా ఉంది. నువ్వే చూడాలి. బతుకమ్మ దాకా టైముంది.

నీ తమ్ముడు
జీవన్


కామారెడ్డి
మార్చి రెండో వారం

జీవన్,

నీ నాగవ్వకు నిన్న ఆపరేషన్ చేశాను. క్షేమంగా ఉంది. నేనే కొంచెం అలసిపోయాను. ఈ మధ్య రెండు గంటలు వంగి పని చేస్తే మెడ నాది కాకుండా పోతోంది.

పై దవడకు నాలుగు ఇంప్లాంట్ మరలు దించాను, కుడివైపు రెండు, ఎడమవైపు రెండు. అవి ఎముకలో కుదురుకున్నాక వాటి మీద సెట్టు చొక్కా గుండీ పట్టినట్టు పట్టుకుంటుంది. కావాలంటే తీసి కడుక్కోవచ్చు, దానంతటది మాత్రం ఊడదు.

నేను చేస్తున్న పరిశీలన గురించి నీకు చెప్పాను కదా. ఒకే నోట్లో ఒకవైపు పాత పద్ధతి, ఇంకోవైపు కొత్తది. పాత డ్రిల్లు ఎముకను కోసి తోడేస్తుంది, గుంత తవ్వి మట్టి పారబోసినట్టు. అసలే ఉన్నది కొంచెం, అందులో కొంత నీళ్లతో కలిసి ఉమ్మిలోకి పోతుంది. కొత్త డ్రిల్లు వెనక్కి తిరుగుతుంది. అది కోయదు, నొక్కుతుంది. తడి నేలలో గడ్డపార దించి చుట్టూ తిప్పితే మట్టి పక్కలకు కూరుకుని గట్టిపడుతుంది చూడు, అట్లా. ఎముక పోదు, మర బిగువుగా కూర్చుంటుంది. కనీసం పుస్తకాల్లో అలా ఉంది. కలగాపులగం కాకూడదని అందరికీ కుడివైపు పాతది, ఎడమవైపు కొత్తది అని పెట్టుకున్నాను. నువ్వు ఇంతకు ముందు పంపిన బీడీల ఆడవాళ్లకూ అలాగే చేశాను.

ఇదంతా విడమరిచి చెప్పి, సరేనా అని అడిగితే నాగవ్వ ఏమందో తెలుసా? "గుంత తవ్వుతవో గడ్డపార దించుతవో నీ ఇష్టం బిడ్డా. నాకు పాట ముఖ్యం." గుట్కా, జర్దా, చుట్ట ఏమైనా అలవాటుందా అంటే థూ, అవేం మాటలు అని నన్నే కసిరింది.

మర ఎంత గట్టిగా ఉందో అంకెల్లో చూపే చిన్న యంత్రం నా దగ్గరుంది. ఎడమవైపు అంకె కుడివైపు కంటే చాలా పైన ఉంది. పని మీద కాస్త ఆశ పుట్టి ఎన్నాళ్లయిందో. ఇంటికి వెళ్లి అన్నం కూడా తినకుండా నిద్రపోయాను, కానీ బాగా నిద్రపోయాను.

కుట్లు నువ్వు విప్పు. పాత సెట్టు నోట్లో పెట్టనివ్వకు.

వనజ


ఎల్లారెడ్డి
ఏప్రిల్

అక్కా,

కుట్లు విప్పాను. పుండు మానుతోంది. పాత సెట్టు తీసి దాచమంటే కోడలు నిరోష చేతికిచ్చి, "ఇంక దీని మొకం నాకు సూపకు" అందట.

పళ్లు లేకుండానే సాధన మొదలుపెట్టింది. పొద్దున్నే గల్లీలోంచి పాట వినిపిస్తోంది. మాటలు సగం గాలికి పోతున్నాయి కానీ గొంతు మాత్రం ఉంది. మా క్లినిక్‌లో కూర్చున్న వాళ్లు పంటి నొప్పి మరిచిపోయి వింటున్నారు. భూదవ్వ కూడా విన్నట్టుంది, రెండు రోజులుగా ఈ గల్లీలోకి రావడం లేదు.

నీ మెడ సంగతి ఎవరికైనా చూపించు. ఇతరుల నోళ్లలోకి చూసినంత శ్రద్ధ నీ మీద పెట్టవు.

జీవన్


కామారెడ్డి
జూన్ మొదటి వారం

జీవన్,

మంచి కబురు కాదు.

నాగవ్వను ఈ రోజు చూశాను. ఎడమవైపు రెండు మరల దగ్గరా చిగురు ఎర్రబడి ఉబ్బింది. ఎక్స్‌రేలో ఎముక అంచు తగ్గింది. మార్చిలో అంత గొప్పగా చూపిన అంకె ఇప్పుడు కుడివైపు కంటే కిందికి పడిపోయింది. పాత పద్ధతిలో దించిన కుడివి రెండూ చక్కగా ఉన్నాయి. ఈమె ఒక్కర్తే అయితే ఏదోలే అనుకునేదాన్ని. నువ్వు పంపిన మిగతా ఆడవాళ్లనూ పిలిపించి చూశాను. అందరికీ ఎడమవైపే చెడుతోంది.

ఎముకను మరీ కూరితే దానికి నెత్తురు అందక చచ్చిపోతుందని కొందరు రాశారు. నేను నమ్మలేదు. ఇప్పుడు నా కళ్లతో చూస్తున్నాను. నేను మంచి చేస్తున్నాననుకుని ఆ ముసలాళ్ల దవడలు పాడు చేశాను. ఆ డ్రిల్లు సెట్టు బీరువాలో పడేశాను, ఎవరైనా కొనుక్కుంటే ఇచ్చేద్దాం.

ఎడమవైపు రెండు మరలూ తీసేయాలి. ఎముక పూడాక వచ్చే ఏడాది మళ్లీ దించుకోవచ్చు. ఈ బతుకమ్మకు మాత్రం కుదరదు. ఈ మాట ఆమెకు నువ్వే చెప్పు. నాకు నోరు రాలేదు. మందు రాసి, మళ్లీ రమ్మని చెప్పి పంపేశాను. ఆమె బస్సుకు బయల్దేరేటప్పుడు "అంతా మంచిగనే ఉన్నది గద బిడ్డా" అని అడిగింది. నేను ఊఁ అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలియదు.

వనజ


ఎల్లారెడ్డి
జూన్

అక్కా,

మరలు తీయకు. ముందు ఇది చదువు.

నీ మాట చెప్పడానికి నిన్న నాగవ్వ ఇంటికి వెళ్లాను. వాన పడుతోంది. అరుగు మీద అయిదారుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వచ్చే ఏడాది పాడొచ్చులే అవ్వా అన్నాను. ఆమె చేయి ఆగలేదు, ఆకు చుట్టి దారం కట్టి, "వచ్చే యేటికి పండ్లుంటయేమో, నా గొంతు ఉంటదా?" అంది. వాన తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను.

అలా కూర్చోబట్టే కనిపించింది. చాటలోంచి చిటికెడు బీడీ పొగాకు తీసి నోట్లో పెట్టుకుంది.

"అవ్వా, బుగ్గల ఏంది?" అన్నాను.

"ఏమున్నది, తంబాకు."

"డాక్టరమ్మ అడిగితే అలవాటు లేదన్నవట గద."

"అలవాటేడిది సారూ? గుట్కా తింటనా, చుట్ట తాగుతనా? ఇది పనికాడ పెట్టుకునేది. చాట ముందటేసుకున్నప్పుడు పెడ్త, చాట ఎత్తినప్పుడు ఉమ్మేస్త. లేకుంటే కండ్లు మూతలు వడుతయి."

నిరోష కూడా అంతే. ఆ అరుగు మీద ఉన్న వాళ్లందరూ అంతే. అక్కా, వాళ్లకది ఆకు, దారం, కత్తెర లాంటి పని సామాను. దాన్ని అలవాటని ఎవరూ అనుకోరు, నువ్వు అడిగితే చెప్పరు. ఇక్కడే పుట్టి పెరిగిన నేను కూడా ఇన్నాళ్లు అడగలేదు.

ఇంకా విను. కుడిచేతి వేళ్లతో చిటికెడు తీసి నోట్లో పెడితే చేరేది ఎడమ బుగ్గకే. ఖాళీ వేళ్లతో నేనూ చేసి చూశాను, నిరోష నన్ను చూసి నవ్వింది. అందరి ఎడమ బుగ్గలూ ఉబ్బెత్తుగా ఉన్నాయి. నువ్వేమో అందరికీ ఎడమవైపే కొత్త డ్రిల్లు పెట్టావు. రోజంతా తంబాకు ఊరే చోట ఏ మరైనా ఏం బాగుపడుతుంది?

జీవన్


కామారెడ్డి
జూన్

జీవన్,

నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. బయట పేషెంట్లు కూర్చునే ఉన్నారు.

చీటీ వేసి తీయాల్సింది. ఎవరికి ఏ వైపు ఏ పద్ధతో చీటీలు తేల్చాలి, నేను కాదు. ఇది మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. కలగాపులగం కాకూడదని నా సుఖం చూసుకున్నాను. ఇన్ని నెలలు కొలిచింది డ్రిల్లును కాదు, తంబాకును. బీడీల ఆడవాళ్ల లెక్కలన్నీ ఇక చెత్తబుట్టలోకే. పోనీ, దాని గురించి ఏడ్చే ఓపిక కూడా లేదు.

మరలు తీయను. కదలడం లేదు కాబట్టి ఆశ ఉంది. శుభ్రం చేసి, మందు పెట్టి చూద్దాం. కానీ తంబాకు ఆగాలి. ఆ సంగతి ఆమెకు గట్టిగా చెప్పు. మిగతా వాళ్లకు కూడా.

డ్రిల్లు సెట్టు ఎవరైనా కొనుక్కుంటే ఇచ్చేద్దాం అన్నాను కదా, ఇప్పుడే వద్దులే.

వనజ


ఎల్లారెడ్డి
జూన్ నెలాఖరు

అక్కా,

చెప్పాను. గొడవ పడుతుందనుకుని మాటలన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆమె తల ఊపి "గంతేనా" అంది. ఇంత సులువుగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. మర్నాడు వెళ్లి చూస్తే ఎడమ బుగ్గ ఖాళీ. రెండు సార్లు టార్చి వేసి మరీ చూశాను.

పాట కోసం ఏమైనా చేసేట్టుంది.

జీవన్


కామారెడ్డి
ఆగస్టు

జీవన్,

నువ్వు ఆమెతో సరిగ్గా ఏం చెప్పావు?

ఎడమవైపు రెండూ బాగుపడ్డాయి. చిగురు గులాబీ రంగుకు వచ్చింది, అంకె మళ్లీ పైకెక్కింది. సంతోషంగా కుడివైపు తిప్పి చూశాను. చిగురు ఉబ్బి ఉంది. వెనకది చేత్తో ముట్టుకుంటే కదిలింది.

"అవ్వా, తంబాకు మానలేదా?" అన్నాను.

"ఎడమ దిక్కు మానిన గద బిడ్డా. ఆ దిక్కు మరలకు పడతలేదని సారు చెప్పిండు. నీ మాట మీరుతనా? గీ దిక్కు పెట్టుకుంటున్న" అని కుడి బుగ్గ చూపించింది. పాపం, కుడిచేత్తో కుడి బుగ్గకు పెట్టుకోవడం అలవాటు కావడానికి చాలా రోజులు పట్టిందట. మొదట్లో సగం కింద పడేదట.

నాకు కోపం రాలేదు. నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, ఆ కదిలే మరను తీసేశాను. తీయడానికి కష్టపడాల్సిన పని లేకపోయింది, చేతికి వచ్చేసింది. దాన్ని చూసి ఆమె మొదటి సారి భయపడింది. "పాట పోయినట్టేనా?" అంది.

ఇంకా మూడున్నాయి. వాటి మీద సెట్టు నిలబెట్టగలను, అది కూడా ఈ నెలన్నర నోట్లో పొగాకు పడకపోతేనే. ఏ బుగ్గలోనూ పడకూడదు. ఈ సారి ఇలాగే చెప్పు.

వనజ


ఎల్లారెడ్డి
ఆగస్టు

అక్కా,

తప్పు నాదే. ఎడమవైపు పెట్టుకోవద్దు, అటు మరలు పాడవుతున్నాయి అనే చెప్పాను. ఆమె అక్షరాలా అదే చేసింది. ఒక మర నా నోటి తొందర వల్ల పోయింది.

ఇప్పుడు అంతా విప్పి చెప్పాను. ఈ సారి "గంతేనా" అనలేదు. చేతిలో ఆకు చాటలో పెట్టేసింది.

"పాడాల్నంటే పండ్లు గావాలె. పండ్లు నిలవాల్నంటే తంబాకు వద్దంటున్నరు. తంబాకు లేకుంటే నాకు బీడీ అయితలేదు సారూ. మొన్న రెండు రోజులు మాని సూసిన. పగటీలి కండ్లు మూతలు వడ్డయి. వంకర టింకర చుడితే కార్ఖానాల వాపసు వెట్టిండ్రు. ఏది ఇడువాలె?"

నిరోష పక్కనే ఉంది. "పాటే ఇడువత్తా, ఈ వయసుల ఎందుకు" అంది. ఆమె ఉద్దేశం చెడ్డది కాదు, అత్త చుట్టలేనివి కూడా తనే చుట్టాలి కదా. ముసలామె కోడలి వైపు చూడను కూడా లేదు.

"పండుగ దాక బందు వెడ్త. ఆ తర్వాత నా ఇష్టం. డాక్టరమ్మకు గిట్లనే రాయి" అంది. రాస్తున్నాను.

జీవన్


కామారెడ్డి
సెప్టెంబరు

జీవన్,

సెట్టు పెట్టాను. మూడు మరల మీద పట్టింది. నోరు పెద్దగా తెరవమన్నాను, దగ్గమన్నాను, చివరికి పాడమన్నాను. క్లినిక్‌లో పాడనంది, పూలు లేకుండా ఎట్ల అని నన్నే అడిగింది. మాట మాత్రం నిలబెట్టుకుంది. నోరంతా శుభ్రంగా ఉంది. కళ్ల కింద నలుపు చూశాను, నిద్రతో పోరాడుతోందని తెలుస్తూనే ఉంది. ఇంత అడగడానికి నాకేం హక్కుందో అనిపించింది.

ఏ డ్రిల్లు మేలో నాకు ఇంకా తెలియదు. తంబాకు పడినా ఎడమవి రెండూ తట్టుకున్నాయి, కుడివైపుది ఒకటి ఊడింది. చెప్పాలంటే కొత్త పద్ధతికి అనుకూలమే. కానీ అది రుజువు కాదు, ఒక్క మనిషి నోరు. ఈ సారి చీటీలు వేసి మళ్లీ మొదలుపెడతాను. ఓపిక ఉందా అంటే లేదు. అయినా మొదలుపెడతాను.

వనజ


ఎల్లారెడ్డి
సద్దుల బతుకమ్మ వెళ్లిన మూడో రోజు

అక్కా,

స్కూలు మైదానంలో ఆడారు. నేను కూడా వెళ్లి గోడ దగ్గర నిలబడ్డాను. భూదవ్వ మామూలుగా ముందుకొచ్చింది. నాగవ్వ ఏమీ అనకుండా వెళ్లి పక్కన నిలబడి ఎత్తుకుంది. ఇంకెవరూ ఎత్తే పని లేకపోయింది. అక్కా, ఆ గొంతు గల్లీలో విన్నది కాదు. ప్రతి మాటా గోడ దాకా వచ్చింది. మధ్యలో ఒక చోట ఆగిపోయింది. సెట్టు ఊడిందనుకున్నాను. ఊడలేదు, ఇన్నేళ్లు పాడక ఆమె ఆ వరస మరిచిపోయింది. భూదవ్వే అందించింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పాడారు. నేను ఏడ్చాను, చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

నిన్న పొద్దున క్లినిక్ తెరవకముందే వచ్చింది. సెట్టు తీసి తడి గుడ్డలో చుట్టి నా బల్ల మీద పెట్టింది.

"పాట అయిపోయింది సారూ. ఇది నీ తాన ఉంచు. మళ్ల బతుకమ్మకు వచ్చి తీస్కపోత. నోట్లె ఇది ఉంటే తంబాకు వెట్టబుద్ధయితలేదు, తంబాకు వెట్టకుంటే పని అయితలేదు. ఎన్ని రోజులని నిరోషే చుడుతది?"

మరలు పాడవుతాయవ్వా అన్నాను. తెలుసంది. డాక్టరమ్మ అంత కష్టపడి చేసిందన్నాను. "చేసింది బిడ్డ. నేను పాడిన గద" అంది. అప్పటికే బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. ఏ వైపో చూడలేదు, చూడాలనిపించలేదు.

ఇప్పుడు ఏం చేయమంటావు? నాకు చేతకావడం లేదు.

జీవన్


కామారెడ్డి
అక్టోబరు

జీవన్,

తిట్టకు. బతిమాలకు. మరల చుట్టూ నెలకోసారి నువ్వే శుభ్రం చెయ్యి, పైసలు అడగకు. పని ముగిశాక నోరు పుక్కిలించమను, ఆ మాత్రం వింటుంది. మార్చిలో నేను చేసింది ఆమె ఎముక కాపాడడానికి. ఆమె బతుకు ఎట్లా నడవాలో నేను చెప్పలేను.

సెట్టును గుడ్డలో ఉంచకు. ఎండితే వంగిపోతుంది, తర్వాత మరలకు పట్టదు. మూత ఉన్న డబ్బాలో నీళ్లు పోసి అందులో ఉంచు, నీళ్లు రోజూ మార్చు. మరిచిపోకు. ఆమె వచ్చే బతుకమ్మ దాకా ఆగుతుందని నేను అనుకోవడం లేదు. ఏదో ఒక పొద్దున పాట వచ్చి గొంతులో కూర్చుంటుంది, చాట పక్కన పెట్టి నీ దగ్గరికి వస్తుంది. ఆ పొద్దున అది ఆమె నోటికి సరిగ్గా పట్టాలి.

వనజ